పాట పక్కన ఎనర్జీ అంకె: నాలుగు పెళ్లి సీజన్ల వాడకం తర్వాత

నాలుగు సీజన్లుగా నా లాప్‌టాప్‌లో ప్రతి పాట పక్కన ఒక అంకె ఉంటోంది. 1 నుంచి 10 లోపు. పాటలో ఎంత ఊపు ఉందో సాఫ్ట్‌వేర్ తనే విని వేసే అంకె అది. డీజేలు దాన్ని ఎనర్జీ లెవెల్ అంటారు. ఇది కొనాలా వద్దా అని నన్ను అడిగే తమ్ముళ్లు చాలామంది ఉన్నారు. ఫోన్‌లో రెండు ముక్కల్లో చెబితే సరిపోవడం లేదు, అందుకే వివరంగా రాస్తున్నాను.

నేను హన్మకొండలో ఉంటాను. పెళ్లిళ్లు, బారాత్‌లు, సంగీత్‌లు, హల్దీలు చేస్తాను. అప్పుడప్పుడు హైదరాబాద్‌లో కంపెనీల ఫంక్షన్లు కూడా. పబ్‌లో రాత్రంతా ఒకే రకం మ్యూజిక్ వేసే డీజేని కాను. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే పబ్ డీజేకి ఈ అంకె చేసే పని వేరు, నాకు చేసే పని వేరు.

ఈ అంకెల పద్ధతి అనగానే డీజేలకు ముందు గుర్తొచ్చేది మిక్స్‌డ్ ఇన్ కీ అనే సాఫ్ట్‌వేర్. అది పాట శ్రుతిని 8ఏ, 8బీ లాంటి కామెలాట్ గుర్తులతో చూపిస్తుంది, దాంతోపాటు 10 వరకు ఎనర్జీ అంకె కూడా ఇస్తుంది. డీజేలు పాటలు సర్దుకోవడానికి, వేయడానికి వాడే రికార్డ్‌బాక్స్ దారి వేరు. అందులో పాటను భాగాలుగా గుర్తించే ఫ్రేజ్ అనాలిసిస్ చేస్తే పాట మూడ్‌ను హై, మిడ్, లో అని మూడు రకాలుగా విడగొడుతుంది. నేను వాడేది ఈ కోవకే చెందిన ఇంకో సాఫ్ట్‌వేర్. దాని పేరు రాయడం లేదు. నేను మాట్లాడాలనుకునేది కంపెనీ గురించి కాదు, అంకె గురించి.

మొదటి రోజు జరిగిన నష్టం ముందు చెబుతాను, మీకు పనికొస్తుంది. అప్పటికి నా దగ్గర ఆరు వేల పాటలు ఉండేవి. రాత్రి అనాలిసిస్‌కి పెట్టి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే అన్నిటికీ అంకెలు వచ్చాయి, కానీ కామెంట్ కాలమ్‌లో ఆరేళ్లుగా నేను రాసుకున్నవన్నీ పోయాయి. "పెళ్లికూతురు ఎంట్రీకి బాగుంటుంది", "రెండో చరణం నుంచి కట్ చెయ్", "ఈ ఫైల్‌లో చివర గీత పడింది" లాంటి మాటలన్నీ పోయి, వాటి చోట శ్రుతి గుర్తు, దాని పక్కన ఒక అంకె మిగిలాయి. అంకెను ఎక్కడ రాయాలో సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చని నాకు తర్వాత తెలిసింది. మీరు మొదలుపెట్టే ముందు మొత్తం లైబ్రరీని ఇంకో హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. దయచేసి ఈ ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు.

అంకె ఎలా వస్తుందో తెలిస్తేనే దాన్ని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. కంపెనీలు లోపలి లెక్క మొత్తం బయటపెట్టవు. అయితే స్పాటిఫై తన పాటలకు 0 నుంచి 1 మధ్య ఒక ఎనర్జీ విలువ ఇస్తూ, అందులో ఏమేమి చూస్తారో రాసిపెట్టింది. ఆ విద్య 2014లో వాళ్లు కొన్న ఎకో నెస్ట్ అనే, పాటలను విశ్లేషించే కంపెనీ నుంచి వచ్చింది. శబ్దం మన చెవికి ఎంత గట్టిగా తోస్తుంది, చిన్న శబ్దానికీ పెద్ద శబ్దానికీ తేడా ఎంత, స్వరం రంగు ఎలాంటిది, దెబ్బలు ఎంత దగ్గర దగ్గరగా పడుతున్నాయి, ఇలాంటివి చూస్తారు. డెత్ మెటల్‌కు ఎక్కువ, బాక్ ప్రిల్యూడ్ అనే పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం ముక్కకు తక్కువ అని ఉదాహరణ కూడా ఇచ్చారు. 2024 నవంబర్ నుంచి కొత్త యాప్‌లకు ఆ విలువలు ఇవ్వడం ఆపేశారు. అది వేరే విషయం. వాళ్లు చూసేవాటి జాబితాలో పాట మాటలు లేవు. హీరో ఎవరో లేదు. వినేవాళ్ల వయసు లేదు. పాట ఏ సంవత్సరం పెళ్లిళ్లలో మోగిందో లేదు. మరి మా పనిలో సగం ఇవే కదా.

తీన్మార్ దగ్గర ఇది బాగా బయటపడింది. మన దగ్గర దొరికే డీజే రీమిక్స్‌లు మీకు తెలుసు. జానపదం పాట ఏదైనా సరే, కింద అదే కిక్, అదే బేస్ వేసి, చిన్న, పెద్ద శబ్దాల మధ్య తేడా తగ్గించే లిమిటర్‌తో మొత్తాన్ని పైకి నొక్కేస్తారు. సాఫ్ట్‌వేర్ దాదాపు వీటన్నిటికీ 8 ఇచ్చింది. నా తీన్మార్ ఫోల్డర్‌లో మూడొందలకు పైగా పాటలుంటే చాలా వాటికి 8, కొన్నిటికి 7. బారాత్ బయలుదేరేటప్పుడు నడకకు వేసేది 8, పెళ్లికొడుకు ఇంటి ముందు చివరి పది నిమిషాలు వేసేది కూడా 8. అన్నీ ఒకటే అయినప్పుడు ఆ అంకె నాకు ఏం చెప్పినట్టు? అదే ఫోల్డర్‌లో మా ఊరి డప్పు మేళం వాళ్లను మైకు పెట్టి నేనే రికార్డ్ చేసుకున్న నాలుగు నిమిషాల ముక్క ఉంది. కింద బేస్ లేదు, లిమిటర్ లేదు. దానికి 5 వచ్చింది. సౌండ్ కట్టిన డీసీఎం వ్యాన్ మీద నుంచి ఆ ముక్క వేసినప్పుడు రోడ్డు మీద జరిగేది నేను కళ్లారా చూశాను. అప్పటిదాకా పక్కన నిలబడ్డ పెద్దమనుషులు కూడా కండువా నడుముకు చుట్టుకొని వచ్చేస్తారు.

బీపీఎం, అంటే నిమిషానికి ఎన్ని దెబ్బలన్న లెక్క, దగ్గర కూడా తీన్మార్‌కు ఇబ్బందే. మూడు మూడుగా నడిచే దెబ్బను ఈ సాఫ్ట్‌వేర్ నాలుగుగా లెక్కపెట్టబోతుంది. ఒకే పాటకు ఒక ఫైల్‌లో 98, ఇంకో ఫైల్‌లో 147 చూపించింది. లెక్క వేస్తే 98కి ఒకటిన్నర రెట్లు 147. అంటే దెబ్బ పట్టుకుంది కానీ వాటిని ఎన్నేసిగా లెక్కపెట్టాలో పట్టుకోలేదు. తీన్మార్ ఫోల్డర్ మొత్తానికి బీపీఎం నేనే చేత్తో తట్టి సరిచేసుకున్నాను.

పాత పాటల సంగతి ఇంకొకటి. ఎనభైల నాటి చిరంజీవి డాన్స్ పాటలకు నా లైబ్రరీలో 4, 5 వచ్చాయి. అప్పటి రికార్డింగ్‌లో ఇప్పటిలాగా శబ్దాన్ని పైకి నొక్కేవారు కాదు, బేస్ కూడా తక్కువే. పైగా మన దగ్గరున్న ఫైళ్లు క్యాసెట్ నుంచి ఎక్కించినవో, నెట్‌లో దొరికినవో. అనుమానం వచ్చి ఒక పరీక్ష చేశాను. ఒకే పాట ఫైల్‌ను 6 డెసిబుల్స్ తగ్గించి మళ్లీ అనాలిసిస్‌కి పెడితే అంకె మారలేదు. అదే పాటకు కొత్తగా మాస్టరింగ్ చేసిన, అంటే ఇప్పటి పద్ధతిలో శబ్దాన్ని సరిచేసి విడుదల చేసిన ఫైల్ కొని పెడితే 5 ఉన్నది 7 అయింది. అంటే వాల్యూమ్ ఎంత ఉందన్నది అది పట్టించుకోవడం లేదు, శబ్దాన్ని ఎంత నొక్కారన్నది పట్టించుకుంటోంది. పాట అదే, స్టెప్పు అదే, రెండు అంకెల తేడా.

ఇక అన్నిటికంటే ఎక్కువగా నన్ను ఇబ్బంది పెట్టింది పాట నిడివి. మేం సంగీత్‌లో పాటను పూర్తిగా వేయం. పల్లవి, హుక్ స్టెప్పు ఉన్న బిట్టు, మహా అయితే నిమిషంన్నర. ఆ వెంటనే ఇంకోటి. సాఫ్ట్‌వేర్ మాత్రం నాలుగు నిమిషాల పాట మొత్తానికి కలిపి ఒక అంకె ఇస్తుంది. మొదటి నిమిషం మెల్లగా నడిచి, చివర్లో విరుచుకుపడే పాటకు 6 వస్తుంది. కానీ ఆ పాటలో ఎక్కడా 6 లేదు. ముందు 3, తర్వాత 8. దీనికి నేను కనిపెట్టిన మార్గం ఏమిటంటే, నేను వేసే బిట్టును ముందే విడిగా కట్ చేసి, ఆ చిన్న ఫైల్‌నే అనాలిసిస్‌కి పెట్టడం. ఇది చేసిన తర్వాత అంకెలు నా చెవికి చాలా దగ్గరగా వచ్చాయి. పాటల్లో భాగాల వారీగా అంకె చూపించే సాఫ్ట్‌వేర్లు కూడా ఉన్నాయి. మీరు కొనేటప్పుడు అది ఉందో లేదో చూసుకోండి, మన పనికి అది చాలా అవసరం.

ఇన్ని చెప్పాక, మరి ఇంకా ఎందుకు వాడుతున్నావని అడుగుతారు. మా గురువులాంటి అన్న కూడా అదే అడిగాడు. ఆయన క్యాసెట్ల కాలం నుంచి వరంగల్‌లో సౌండ్ సెట్ నడిపినవాడు. ఒక పెళ్లి అయ్యాక, పొద్దున మూడింటికి వైర్లు చుడుతూ, చాయ్ తాగుతూ చాలాసేపు వాదించుకున్నాం. "మంది కాళ్లు జూసి పాటెయ్యాలె. నువ్వు లాప్‌టాప్ జూస్తుంటే కాళ్లు ఎట్ల కనవడ్తయ్ రా?" అన్నాడు. నా దగ్గర పనిచేసే తమ్ముడు ఊరుకోలేదు. "నీకు ముప్పై ఏండ్ల పాటలు నోటికి ఎరుక అన్నా. నాకు పంజాబీ పాటలు అయిదు గూడ తెల్వయ్. పెళ్లిపిల్ల ఫ్రెండ్స్ వచ్చి అడుగుతే ఏం జెయ్యాలె?" అన్నాడు.

ఇద్దరిదీ నిజమే. తమ్ముడు చెప్పిన చోట ఈ అంకె నిజంగా ఆదుకుంటుంది. ఐటీ వాళ్ల పెళ్లిళ్లలో తమిళం, మలయాళం, పంజాబీ, ఆఫ్రికా డాన్స్ పాటలైన ఆఫ్రోబీట్స్ కూడా అడుగుతున్నారు. నాకు పరిచయం లేని రెండొందల పాటలు ఒక్కసారి వచ్చి పడితే, అన్నీ కూర్చొని వినే టైమ్ ఉండదు. 5 లోపువి భోజనాల ఫోల్డర్‌లోకి, 7 పైవి డాన్స్ ఫ్లోర్ ఫోల్డర్‌లోకి పంపితే సగం పని అయిపోతుంది. ఒకే రకం, ఒకే కాలం పాటల మధ్య అంకెలు చాలావరకు సరిగ్గానే ఉంటాయి. ఈ మధ్య వచ్చిన సినిమా పాటల్లో 6 వచ్చినదానికంటే 8 వచ్చినది నిజంగానే ఎక్కువ ఊపుగా ఉంటుంది. రకం మారితేనే చిక్కు. జానపదం 8నీ, హౌస్ మ్యూజిక్ 8నీ పక్కపక్కన పెట్టి చూడకూడదు.

కానీ అదే తమ్ముడు ఒకసారి నేను భోజనానికి వెళ్లినప్పుడు ఫ్లోర్ అప్పగిస్తే, లిస్టును ఎనర్జీ వరుసలో పెట్టి పైనుంచి వేసుకుంటూ పోయాడు. ఇరవై అయిదు నిమిషాలు అన్నీ 8లే. నేను వచ్చేసరికి ఫ్లోర్ మీద ఆరుగురు ఉన్నారు. "అన్నా, అన్నీ మంచియే ఏసిన. ఎందుకు పోయిన్రో తెల్వది" అన్నాడు, టెన్షన్‌తో చెమటలు పట్టి. అతన్ని నేను తిట్టలేదు. మనిషి ఒంట్లో అంతసేపు ఎగిరే సత్తువ ఉండదు. మధ్యలో నవ్వుతూ, చేతులు ఊపుతూ, పక్కవాళ్లతో మాట్లాడుతూ ఆడే పాట ఒకటి పడాలి. ఆ పాటకు 5 ఉంటుంది.

ఆ మర్నాడు నేను చేసిన పనే ఈ సాఫ్ట్‌వేర్ మీద నా అభిప్రాయాన్ని మార్చింది. ముందు రాత్రి వేసిన పాటల హిస్టరీ తీసి, పక్కన అంకెలు పెట్టుకొని పై నుంచి కింది దాకా చదివాను. 7, 8, 8, 8, 7, 8, 8, 8. ఎక్కడ మనుషులు తగ్గారో నాకు, తమ్ముడికి గుర్తున్నంత వరకు పక్కన రాశాం. అప్పటి నుంచి ప్రతి ఫంక్షన్ మర్నాడు ఇదే చేస్తున్నాను. పాట వేసే ముందు అంకె చూడటం దాదాపు మానేశాను. మర్నాడు మాత్రం తప్పకుండా చూస్తాను. నాకు తెలియకుండా ఒకే తప్పు ఎన్నిసార్లు చేస్తున్నానో అందులో కనబడింది. హల్దీలో నేను చాలా తొందరగా 7కి వెళ్లిపోతున్నాను. పొద్దున పదింటికి పసుపు పూసుకుంటూ, పిల్లలను ఎత్తుకొని ఉన్న ఆడవాళ్లకు అంత దెబ్బ అక్కర్లేదు. పదేళ్లుగా చేస్తున్న ఈ తప్పు నా చెవికి తెలియలేదు, వరుసగా ఉన్న అంకెలు చూపించాయి.

దాంతోపాటు రికార్డ్‌బాక్స్‌లో పాటలకు సొంత గుర్తులు పెట్టుకునే మై ట్యాగ్ వాడి నాదొక అంకె పెట్టుకుంటున్నాను. సాఫ్ట్‌వేర్ అంకె పాటకు, నా అంకె జనానికి. మా డప్పు ముక్కకు సాఫ్ట్‌వేర్ 5, నేను 10. ఇప్పటికి ఎనిమిది వందల పాటలకు పెట్టగలిగాను. రెండు అంకెలకూ మూడు కంటే ఎక్కువ తేడా ఉన్న పాటలను విడిగా ఒక లిస్టు చేశాను. నా దగ్గరున్న లిస్టుల్లో అన్నిటికంటే విలువైనది అదే. ఇంకో డీజేకి ఇచ్చినా పనికిరాదు, ఎందుకంటే అది మా జిల్లా జనం లిస్టు.

రాత్రి పది గంటల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ విషయం ఎవరూ మాట్లాడరు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు బయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. హాల్ లోపలైనా పది దాటితే మేనేజర్ వచ్చి తగ్గించమంటాడు. వాల్యూమ్ తగ్గగానే 8 ఉన్న పాట 8గా ఉండదు. శబ్దం తగ్గేకొద్దీ మన చెవికి బేస్ ఇంకా ఎక్కువగా తగ్గినట్టు వినిపిస్తుందని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే చూపించారు. బేస్ మీద నిలబడ్డ పాట తక్కువ వాల్యూమ్‌లో చప్పబడిపోతుంది. రాగం, గొంతు, మాట బలంగా ఉన్న పాట నిలుస్తుంది. పదింటి తర్వాత నేను వేసేవి దాదాపు అన్నీ 4, 5 ఉన్న పాత పాటలు. అందరూ గొంతు కలుపుతారు, అప్పుడు స్పీకర్ అవసరం కూడా తగ్గుతుంది.

కాబట్టి పెళ్లిళ్లు చేసే తమ్ముళ్లకు నా మాట ఇది. లైబ్రరీ రెండు వేల లోపు ఉండి, అన్నీ విన్న పాటలే అయితే దీనికి డబ్బు పెట్టకండి. ఆ డబ్బుతో మంచి ఫైళ్లు కొనండి, ఫ్లోర్ మీద తేడా అక్కడే ఎక్కువ తెలుస్తుంది. తెలియని భాషల పాటలు ఎక్కువగా వస్తుంటే, లేదా పబ్‌లో హౌస్, టెక్నో వేస్తుంటే కొనండి. కొన్నాక బిట్లు కట్ చేసి అనాలిసిస్‌కి పెట్టండి, తీన్మార్ బీపీఎం చేత్తో సరిచేసుకోండి, మర్నాడు హిస్టరీ చదవండి. శ్రుతి గుర్తులు కూడా అందులోనే వస్తాయి. మిక్స్‌కి అవి రోజూ పనికొస్తున్నాయి.

పోయిన నెల అన్న తన పెన్‌డ్రైవ్ తెచ్చి, "దీంట్ల ఉన్నయన్ని నీ మిషిన్‌ల పెట్టి అంకెలెయ్యి" అన్నాడు. పదకొండు వందల పాటలు. అయ్యాక లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి చూపించాను. 8లూ 9లూ ఉన్న పైభాగం ఆయన చూడనే లేదు. కిందికి జరిపించి, 3, 4 ఉన్న పాటలు ఒక్కొక్కటి వేయించుకుని మధ్యాహ్నం దాకా విన్నాడు. అందులో అరవై పాటలు కాగితం మీద రాసుకున్నాడు. ఇంటికి వెళ్తూ, వచ్చే వారం పెళ్లిలో భోజనాల టైమ్ తనకు వదిలెయ్యమన్నాడు.