ఉద్యోగాల్లో సమానత్వానికి ఏది మేలు: చట్టమా, కంపెనీ పాలసీయా?

విజయవాడ గవర్నర్‌పేట షాపులకీ, గుంటూరు వైపు కొన్ని మిల్లులకీ పీఎఫ్, ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) లెక్కలు చూస్తుంటాను. అందుకే ఈ ప్రశ్న నన్ను పదేపదే అడుగుతుంటారు. చట్టాలు ఎక్కువైతే ఆడవాళ్లను ఉద్యోగంలోకి తీసుకోవడమే మానేస్తారు కదండీ, కంపెనీలకే వదిలేస్తే మంచిది కాదా అని. ఆ భయంలో నిజం ఉంది, కానీ అది అన్ని చట్టాలకూ వర్తించదు.

కంపెనీ పాలసీలో ఉన్న సుగుణం వేగం. ఓనరు మంచివాడైతే గర్భిణికి రేపటి నుంచే బిల్లింగ్ కౌంటర్లో కూర్చునే పని ఇస్తాడు, దానికి జీవో అక్కర్లేదు. కానీ మేనేజర్ మారినా, వ్యాపారం తగ్గినా మొదట పోయేది అదే, పోతే అడిగే హక్కు ఎవరికీ ఉండదు. బట్టల షాపుల్లో రోజంతా నిలబడే అమ్మాయిలకు కూర్చునే వీలు ఇవ్వాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టంలోనే రాశాయంటే కారణం అదే. పైగా ఒక స్టూలు వేస్తే ఏ ఓనరూ నష్టపోడు.

నా దృష్టిలో అసలు తేల్చాల్సింది ఒకటే: చట్టం పెట్టే ఖర్చు ఎవరి నెత్తిన పడుతోంది?

2017లో ప్రసూతి సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. చాలా అవసరమైన పని. అయితే ఈఎస్ఐ వర్తించని వాళ్లకు ఆ సెలవు జీతం మొత్తం యజమానే ఇవ్వాలి. నెలకు 30,000 తీసుకునే ఉద్యోగికి దాదాపు 1,80,000, ఆమె బదులు పెట్టుకున్న మనిషి జీతం వేరే. పదిహేను మందితో నడిచే ఆఫీసుకు అది చిన్న మొత్తం కాదు. అందుకే ఇంటర్వ్యూలో "పెళ్లెప్పుడమ్మా?" అని అడుగుతారు, తర్వాత కబురు చేస్తామంటారు, అంతే. ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు ఆడా మగా తేడా చూపడం 1976లో సమాన వేతన చట్టం వచ్చినప్పటి నుంచే నిషేధం, కానీ ఎందుకు వద్దన్నారో ఎవరూ కాగితం మీద పెట్టరు కదా, ఇక రుజువు చేసేదెలా?

ఇప్పుడు ఈఎస్ఐ చూడండి. జీతంలో యజమాని వాటా 3.25 శాతం, ఉద్యోగి వాటా 0.75 శాతం. 15,000 జీతానికి యజమాని కట్టేది 487.50 రూపాయలు, మగవాళ్లకైనా ఆడవాళ్లకైనా అంతే. ప్రసవమైతే 26 వారాల డబ్బు ఈఎస్ఐ ఇస్తుంది, ఓనరు జేబులోంచి పోయేదేమీ లేదు. ఆమెను వద్దనుకుంటే అతనికి పైసా మిగలదు. అదే 26 వారాలు, ఖర్చు అందరికీ పంచేసరికి భయం సగానికి పైగా పోతుంది. కాబట్టి నా ఓటు చట్టానికే, కాకపోతే ఖర్చు పంచే చట్టానికి. 2017లో 21,000 చేసిన ఈఎస్ఐ జీతం పరిమితిని (అంతకు మించి జీతం ఉంటే ఈఎస్ఐ వర్తించదు) బాగా పెంచితే ఇంకెంతోమంది ఆడవాళ్లకు ఈ రక్షణ వస్తుంది.

చట్టంతో ఇంకో ప్రమాదం, కాగితాలతో సరిపెట్టడం. పది మంది, అంతకు మించి ఉన్నచోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది, లేకపోతే 50,000 వరకు జరిమానా. సభ్యుల పేర్లు నోటీసు బోర్డు మీద ఉండి, ఆ సభ్యులకే సంగతి తెలియని చోట్లు నేను చూశాను, చూసినప్పుడల్లా బాధేస్తుంది. అయినా చట్టం ఉండబట్టే పది మంది లేని షాపులో పనిచేసే అమ్మాయి కూడా జిల్లా స్థాయి కమిటీకి వెళ్లగలుగుతోంది. ఘటన జరిగిన మూడు నెలల్లోపు రాసివ్వాలి.

వికలాంగుల కోటా ప్రభుత్వ ఉద్యోగాల్లోనే 4 శాతం, ప్రైవేటుకు ప్రోత్సాహకాల మాటే తప్ప కోటా లేదు. ఇక అవగాహన సదస్సులు, అవార్డులు ఉంటే మంచిదే, వాటి మీద ఆశ పెట్టుకోలేం.

కొత్తగా చేరినవాళ్లకు ఒక మాట. ఈఎస్ఐ ప్రసూతి డబ్బుకు అంతకుముందు రెండు కాంట్రిబ్యూషన్ పీరియడ్లలో (చందా లెక్కించే ఆరేసి నెలల కాలాల్లో) కలిపి కనీసం 70 రోజుల చందా ఉండాలి. చేరిన వారంలోనే మీ ఈఎస్ఐ నంబరు అడిగి తీసుకోండి, అందులో చేరిన తేదీ సరిగ్గా వేశారో లేదో చూసుకోండి.