డాబా స్కైలైట్: గాజా, పాలికార్బొనేటా?

హైదరాబాద్ డాబా స్లాబులో వెలుతురు కోసం వదిలిన 3×4 అడుగుల ఓపెనింగ్‌కు ఏది వేసినా, ముందు చుట్టూ 6 అంగుళాల గట్టు కట్టి, వాటర్‌ప్రూఫింగ్‌ను దాని పైదాకా ఎక్కించాలి. ఎక్కువగా కారేది అక్కడే.

10 ఎంఎం మల్టీవాల్ (లోపల బోలు గదులున్న) పాలికార్బొనేట్ ప్లాస్టిక్ షీటు చదరపు మీటరుకు 2 కిలోల లోపే, ఎక్కించడానికి ఇద్దరు చాలు. కానీ ఎండకు సాగుతుంది. స్క్రూ కంత 2–3 ఎంఎం పెద్దగా కొట్టకపోతే అక్కడే చీలుతుంది. యూవీ పూత ఉన్న వైపు కిందికి పెడితే త్వరగా పసుపెక్కుతుంది. వాన పడితే డప్పు మోతే!

6+6 టఫెన్డ్ లామినేటెడ్ గాజు (వేడిచేసి గట్టిపరిచిన రెండు 6 ఎంఎం పలకలు, మధ్యలో ప్లాస్టిక్ పొర) చదరపు మీటరుకు 30 కిలోలు. పగిలినా ముక్కలు మధ్య పొరనే అంటుకుంటాయి. కోతులు దూకే కాలనీల్లో ఇదే మేలు. టఫెన్ చేశాక కోయడం కుదరదు, ఫ్రేము బిగించాకే కొలతలివ్వాలి. అంచులు మూయడానికి పులుపు వాసనొచ్చే సిలికాన్ వద్దు, ఆ వాసన లేని న్యూట్రల్ రకం వాడాలి. ఎండ వేడిని తగ్గించే సోలార్ కంట్రోల్ గాజు కాకపోతే మాత్రం మేలో కింద గది పొయ్యే.