షియాన్ బీలిన్‌లో ఒక పూట

చైనాలోని షియాన్‌ వెళ్లేవాళ్లు ఎక్కువగా తొలి చక్రవర్తి సమాధి దగ్గరున్న మట్టి సైనికుల బొమ్మల కోసమే వెళ్తారు. మేమూ అంతే. కానీ తిరిగొచ్చాక నేను అందరికీ చెబుతున్నది కోట దక్షిణ గోడ పక్కనున్న బీలిన్ మ్యూజియం గురించే. బీలిన్ అంటే శిలాశాసనాల అడవి. 1087లో మొదలైంది.

బస విషయంలో మాత్రం దెబ్బ తిన్నాం. ముందే బుక్ చేసుకున్న చోట రాత్రి పదింటికి మా పాస్‌పోర్టులు చూసి, విదేశీయులకు గది ఇవ్వలేమన్నారు. సూట్‌కేసులతో గంటసేపు రోడ్డు మీద టెన్షన్. చివరికి దక్షిణ ద్వారం దగ్గర ఇంకో హోటల్ దొరికింది. గది ఇరుకే గానీ మ్యూజియంకి నడిచే వెళ్లొచ్చు. మీరైతే విదేశీయుల్ని తీసుకుంటారో లేదో ముందే రాతపూర్వకంగా అడగండి. ఫోన్‌లో డబ్బు చెల్లించే యాప్ అలీపే కూడా పెట్టుకుని వెళ్లండి, చిన్న కొట్లో కూడా అదే నడుస్తుంది.

నేను చూడాలనుకున్నది దువోబావో స్తూప శాసనం. 752లో, టాంగ్ వంశ కాలపు పేరున్న చేతిరాత కళాకారుడు యాన్ జెన్‌చింగ్ రాసినది. అప్పటికి ఆయనకు 43 ఏళ్లు. చూజిన్ అనే భిక్షువు సద్ధర్మ పుండరీక సూత్రం చదువుతుండగా ప్రభూతరత్న బుద్ధుడి (చైనీస్‌లో దువోబావో) స్తూపం కళ్లముందు కనిపించిందట, ఆ స్తూపాన్ని కట్టించిన కథే ఈ శాసనం. లిపి కైషూ, అంటే ఏ గీతకా గీత విడిగా నిలబడే రాత. అడ్డగీతలు సన్నగా, నిలువు గీతలు లావుగా ఉంటాయి. మనం పలక మీద అ ఆలు దిద్దినట్టు, చైనాలో కుంచె పట్టడం నేర్చుకునే చాలామంది దిద్దేది ఈ శాసనం నకలునే.

అంతా బాగుంది గానీ, రాయికి ముందు అద్దం! అక్షరాల కంటే నా మొహమే ఎక్కువ కనిపించింది. పక్కకి ఒరిగి, వంగి చూస్తే తప్ప గీత లోతు తెలియదు. నల్లటి రాయి, ఒక్క వంకర లేని వరసలు. నిజం చెప్పాలంటే మరీ ఒద్దికగా అనిపించింది, మంచి మార్కుల కోసం రాసిన పరీక్ష పేపర్‌లా.

నాకు బాగా నచ్చింది ఇక్కడే ఉన్న యాన్ చిన్‌లీ శాసనం. అదే మనిషి 779లో, డెబ్బై ఏళ్ల వయసులో ముత్తాత కోసం రాసింది. మధ్యలో ఆన్ లుషాన్ అనే సేనాని తిరుగుబాటు వచ్చింది, అందులో ఆయన అన్నకొడుకు చంపబడ్డాడు. ఈ అక్షరాలు వెడల్పుగా, బరువుగా ఉన్నాయి. ఎవరి మెప్పూ అక్కర్లేని చేయి. రెండూ ఒకే రోజు చూడండి, తేడా తెలుస్తుంది.

మట్టి సైనికుల దగ్గర తోపులాట, ఇక్కడ కాస్త ఊపిరి. రెండు గంటలు చాలవు, సగం రోజు పెట్టుకోండి. బోర్డుల మీద ఇంగ్లీషు అంతంతమాత్రమే కాబట్టి ముందే చదువుకుని వెళ్లడం మేలు.

మధ్యాహ్నం లియాంగ్‌పీ తిన్నాం, వెనిగరూ మిరపనూనే పోసిన చల్లటి నూడుల్స్. మన నోటికి ఇట్టే పట్టేసింది. తర్వాత షూయువాన్‌మెన్ వీధిలో కుంచెల కొట్లు చూస్తూ నడిచాం. శాసనాల మసి నకళ్లు (రాయి మీద కాగితం పరిచి సిరా అద్ది తీసేవి) అంటూ అమ్మేవాటిలో అచ్చేసినవి బోలెడు, బేరమాడేముందు వెలుతురులో పెట్టి చూడండి. నేను అవి వదిలేసి నీళ్లతో రాసే గుడ్డ ఒకటి కొన్నాను. ఆరగానే అక్షరం మాయమవుతుంది. హోటల్‌కి వచ్చి అడ్డగీత ఒక్కటే ఇరవైసార్లు గీశాను. ఒక్కటీ కుదరలేదు.