నాసిక్ వైన్ టూరు: 12,800 కట్టి కోత చూడలేకపోయాం

పొద్దున ఏడు గంటలకు ద్రాక్ష కోత చూపిస్తామని చెప్పి, మనిషికి 3,200 చొప్పున నలుగురికి 12,800 ముందే కట్టించుకున్న టూరు వాళ్లు హోటల్ దగ్గరికి బండి పంపింది తొమ్మిదీ నలభైకి. ఆ కోపం ఇంకా పోలేదు, అందుకే రాస్తున్నాను. షిరిడీ పోయే మన నల్లగొండ, మిర్యాలగూడ వాళ్లు చాలామంది అటే నాసిక్, త్రయంబకేశ్వర్ కూడా చూసుకుని వస్తారు. వాళ్లలో ఎవరికైనా ఈ టూరు ఆలోచన ఉంటే ముందు ఇది చదవండి.

వెళ్లింది నేను, మా ఆయన, మా అన్న, వదిన. కాచిగూడలో రైలెక్కి నాగర్‌సోల్‌లో దిగడం, షిరిడీ దర్శనం, త్రయంబకేశ్వర్, అన్నీ సాఫీగా అయిపోయాయి. నాసిక్‌లో రూము 1,800, శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి.

వైన్ టూరు మాట ఎత్తింది అన్న. తాగడానికి కాదు, అన్న మందు ముట్టడు. గుర్రంపోడు దగ్గర నాలుగెకరాల బత్తాయి తోట ఉంది తనకి. మా దగ్గర కాయ కోసి దళారీకి అప్పజెప్పడం, టన్నుకు ఇంత తరుగు అని అతను తీసేస్తే నోరు మూసుకోవడం, ఇంతే. పండు కొనే ఫ్యాక్టరీ తోట పక్కనే ఉంటే రైతు బతుకు ఎట్లా ఉంటుందో ఒకసారి కళ్లతో చూడాలని తన కోరిక. వదినకు మాత్రం మొదటి నుంచీ మనసొప్పలేదు. "బాబా దర్శనం చేసుకొని మళ్ల గీ వైన్స్‌కు పోవుడేంది" అని ముందు రోజు రాత్రి సగం అన్నంలోనే లేచింది. మన దగ్గర వైన్స్ అంటే రోడ్డు మీది మందు దుకాణమే కదా, ద్రాక్షతోట వదినా అని ఎంత చెప్పినా ఆమె కళ్ల ముందు ఆ బోర్డే.

మమ్మల్ని ఆరున్నరకే తయారై ఉండమన్నారు. ఫోన్ చేస్తే "పది నిమిషాలు" అని నాలుగుసార్లు చెప్పారు. మొదటి వైనరీకి, అంటే వైన్ తయారుచేసే ఫ్యాక్టరీకి, చేరేసరికి పదకొండు దాటింది. కోత తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగిస్తారట, పండు వేడెక్కితే రసం చెడుతుందని. మాకు కనిపించింది కడిగి బోర్లించిన ఖాళీ క్రేట్లు మాత్రమే. గైడును అడిగితే "రేపు రండి, చూపిస్తా" అన్నాడు. మా రైలు ఆ రాత్రికే అని అతనికి తెలుసు.

లోపల ఆ వైనరీలో పనిచేసే అమ్మాయి మాత్రం ఓపికగా చెప్పింది, ఆమెను తప్పు పట్టను. నల్ల ద్రాక్ష అయినా లోపలి గుజ్జు తెల్లగానే ఉంటుంది, తొక్కతో కలిపి పులియబెడితే ఎర్ర వైన్ అవుతుంది, తొక్క వేరు చేసి రసాన్నే పులియబెడితే తెల్లది. తెల్లదాన్ని పెద్ద స్టీలు ట్యాంకుల్లో పదిహేను డిగ్రీల దగ్గర చల్లగా ఉంచి, రోజుల తరబడి నెమ్మదిగా పులియనిస్తారు. మన దగ్గర తాటికల్లు లొట్టిలో ఉండగానే గంటల్లో పులిసి నురగ కడుతుంది కదా, పని చేసేది ఇక్కడా ఈస్టే, చల్లదనంతో దాన్ని పట్టి ఉంచుతారు, అంతే తేడా. ట్యాంకు మూత తీయగానే వచ్చిన వాసనకు మా ఆయన, వదిన ఇద్దరూ ఒకేసారి "కల్లు" అన్నారు. వైన్ నిలవ ఉంచే ఓక్ చెక్క పీపాలు ఒక్కోటి 225 లీటర్లవి, వరసగా పేర్చి ఉన్న ఆ చీకటి గది నాకు చాలా నచ్చింది.

రుచి చూడటానికి గ్లాసుకు కొంచెం చొప్పున ఐదు పోశారు. మా ఆయనకు షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ నచ్చింది, కొద్దిగా తియ్యగా ఉంటుంది. షిరాజ్ అనే ఎర్ర వైన్ నాకు బాగా వగరనిపించింది. అన్నకూ వదినకూ ద్రాక్షరసం ఇస్తామని టూరు వాళ్లు రాసి పంపారు, ఇవ్వలేదు. తాగని ఇద్దరికీ అదే 3,200 తీసుకున్నారు. అదే గేటు దగ్గర బోర్డు మీద వాళ్ల సొంత టూరు, టేస్టింగ్ కలిపి మనిషికి 600 అని రాసి ఉంది.

తర్వాత షాపులో నలభై నిమిషాలు. ట్యాంకుల దగ్గర పావుగంటకే తొందరపెట్టిన గైడు ఇక్కడ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎన్ని సీసాలైనా పట్టుకుపోవచ్చు, ఎవరూ ఆపరు అని గైడు మా ఆయన వెంటపడ్డాడు. అతని మాట నమ్మకండి. మహారాష్ట్రలో పన్ను కట్టిన సీసా తెలంగాణకు వచ్చేసరికి పన్ను కట్టని మద్యం కిందే లెక్క, మన ఎక్సైజ్ వాళ్లు పట్టుకుంటే కేసు. మేం ఒక్కటి కూడా కొనలేదు. అప్పటి నుంచి గైడు మాతో మాట్లాడటం తగ్గించాడు.

రెండో చోట అతను ఫోన్లో ఉండగా అన్న మెల్లగా తోట వైపు నడిచాడు, మేమూ వెనకే వెళ్లాం. ఆ గంట కోసమే ఈ ప్రయాణం అనిపించింది. అక్కడి సూపర్‌వైజర్ ఒకాయన అన్న చేతులు చూసి రైతని గుర్తుపట్టాడేమో, పని ఆపి హిందీలో అన్నీ చెప్పాడు. మొక్క కింద భాగం డాగ్రిడ్జ్ అనే మొండి రకం, దాని మీద వైన్ రకం అంటు కడతారు, నీటి ఎద్దడికీ ఉప్పు నీళ్లకూ అది తట్టుకుంటుంది. "మనం బత్తాయిని రంగపూర్ నిమ్మ మీద కట్టినట్టే చెల్లె" అని అన్న నా వైపు తిరిగి అన్నాడు, ముఖం వెలిగిపోయింది. కత్తిరింపు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌లో కొమ్మల కోసం, సెప్టెంబరు అక్టోబరుల్లో కాయ కోసం. ఆయన జేబులోంచి చిన్న గొట్టం లాంటి రిఫ్రాక్టోమీటర్, పండు రసంలో తీపి ఎంతో చూపించే పరికరం, తీసి, ఒక పండు పిండి చుక్క వేసి అన్నకు చూపించాడు. ఇరవై రెండు. ఇరవై మూడు, ఇరవై నాలుగు వచ్చాకే ఈ వరస కోస్తామన్నాడు. రైతులతో కొన్నేళ్లకు ఒప్పందం ఉందట, ఆ అంకెను బట్టే ధర. అన్న చాలాసేపు ఏం మాట్లాడలేదు.

పండు నోట్లో వేసుకుంటే శనగగింజంత, అంతా విత్తనాలు, తొక్క మందం, కానీ ఆ తీపి మనం తినే ద్రాక్షలో లేదు.

వదిన ఎక్కడా అని చూస్తే చెట్టు కింద కూలీ ఆడవాళ్లతో కూర్చుని ఉంది. వాళ్లకు తెలుగు రాదు, ఈమెకు మరాఠీ రాదు. సద్ది విప్పి జొన్నరొట్టె, పచ్చిమిర్చి వెల్లుల్లి దంచిన ఠేచా ఆమె చేతిలో పెట్టారు. మా ఊరి రొట్టెలాగే చేత్తో తట్టి కాల్చినది, ఠేచా మాత్రం కళ్లలో నీళ్లు తెప్పించింది. మాకూ తలా ముక్క ఇచ్చారు. వద్దన్నా డబ్బులు తీసుకోలేదు, వదిన తన సంచిలోని షిరిడీ ప్రసాదం అంతా వాళ్లకు పంచింది. ఆ రోజు ఆమె నవ్వింది అక్కడే.

దాని తర్వాత "టూరులో కలిసిందే" అన్న భోజనానికి హోటల్లో తలా 450 బిల్లు వేశారు, పప్పు చల్లారిపోయింది. మూడో వైనరీ అంటే గేటు పక్కన సీసాలమ్మే గది, అంతే. నాలుగున్నరకు రూము దగ్గర దింపేశారు.

నా మాట వింటే ఏజెంటు జోలికి పోకండి. ఆ రాత్రి స్టేషన్‌లో కలిసిన హైదరాబాద్ దంపతులు రోజంతా కారు మాట్లాడుకుంటే 2,500 అయిందన్నారు. జనవరి నుంచి మార్చి లోపల వెళ్లండి, ముందు రోజే వైనరీకి మీరే ఫోన్ చేసి కోత ఎన్నింటికో అడగండి, పొద్దున ఆరుకే బయల్దేరండి. ఒకటి రెండు వైనరీలు చాలు.

టూరు వాళ్లకు వరసగా మెసేజ్‌లు పెడితే మూడు వారాలకు 1,600 వెనక్కి వేశారు. మిగతాదానికి జవాబు లేదు. అన్న మాత్రం ఇంటికొచ్చాక 1,150 పెట్టి రిఫ్రాక్టోమీటర్ తెప్పించుకున్నాడు. మొన్న తోటలోంచి ఫోన్ చేసి "పది వచ్చింది చెల్లె, ఇంకో పదిహేను రోజులు ఆగుతా, ఈసారి దళారీకి గీ అంకె సూపించే బేరం చేస్తా" అన్నాడు.