నక్షత్రాల కరోనా అధ్యయనానికి ఆస్ట్రోశాట్ ఎక్స్-రే డేటా: ఎవరికి పనికొస్తుంది?

2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ30 మోసుకెళ్లిన భారత ఖగోళ పరిశీలన ఉపగ్రహం ఆస్ట్రోశాట్ పరిశీలనలను, బెంగళూరు సమీపంలోని బ్యాలాలులో ఉన్న ఇస్రో అంతరిక్ష విజ్ఞాన డేటా కేంద్రం 2018 సెప్టెంబర్ నుంచి అందరికీ ఉచితంగా అందిస్తోంది. చురుకైన నక్షత్రాల వేడి బాహ్య వాతావరణాన్ని, అంటే కరోనాను, అధ్యయనం చేయదలచిన విద్యార్థికి ఈ సేవ ఎంతవరకు ఉపకరిస్తుందన్నదే ఈ సమీక్ష విషయం. నా పరిశీలన ప్రధానంగా టాటా మౌలిక పరిశోధనా సంస్థ నేతృత్వంలో తయారైన సాఫ్ట్ ఎక్స్-రే టెలిస్కోప్‌కే పరిమితం.

సూర్యుడి ఉపరితల ఉష్ణోగ్రత సుమారు 5,800 కెల్విన్లు కాగా, దానిపైనున్న కరోనా పది ఇరవై లక్షల కెల్విన్ల వేడితో ఉంటుంది. దాదాపు 49 కాంతి సంవత్సరాల దూరంలో ఉండి, పన్నెండు గంటలకు కాస్త ఎక్కువ సమయంలోనే తన చుట్టూ తాను తిరిగే ఎబి డొరాడస్ వంటి నక్షత్రాల్లో ఆ వేడి కోటి కెల్విన్లను దాటుతుంది. ఎక్స్-కిరణాల్లో అది సూర్యుడికన్నా సుమారు వెయ్యి రెట్లు ప్రకాశవంతం. అంత వేడి ప్లాస్మా (విద్యుదావేశిత వాయువు) వెలువరించే కాంతిలో అధికభాగం, ఈ టెలిస్కోప్ గ్రహించే 0.3 నుంచి 8 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (ఎక్స్-కిరణాల శక్తిని కొలిచే ప్రమాణం) పరిధిలోనే ఉంటుంది. కరోనా ఉష్ణోగ్రతలను కొలవడానికి ఇంతకంటే అనువైన భారతీయ పరికరం నాకు తెలిసి లేదు.

దీని అసలు బలం జ్వాలల, అంటే నక్షత్రంపై హఠాత్తుగా రేగే విస్ఫోటనాల, అధ్యయనంలో కనిపిస్తుంది. వర్ణపటాన్ని ఎక్స్‌స్పెక్ అనే విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో రెండు మూడు ఉష్ణోగ్రతల ప్లాస్మా నమూనాతో సరిపోల్చినప్పుడు, జ్వాల రేగగానే వేడి భాగం ఎలా పెరిగిందో, తర్వాత ఎలా చల్లబడిందో అంచెలంచెలుగా చూడవచ్చు. పెద్ద జ్వాలల్లోనైతే 6.7 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర వర్ణపటంలో ఇనుము ఉనికిని చూపే రేఖ కోసం కూడా వెతకవచ్చు. అయితే 1 కిలో ఎలక్ట్రాన్ వోల్టు పరిసరాల్లో ఇనుము, నియాన్ రేఖలన్నీ కలిసి ఒకే ఉబ్బుగా కనిపిస్తాయి. చురుకైన నక్షత్రాల్లో ఇనుము తక్కువగా, నియాన్ ఎక్కువగా ఉండటమనే ఆసక్తికరమైన విషయాన్ని తేల్చాలంటే ఈ డేటా ఒక్కటే చాలదు; అందుకు రేఖలను విడదీయగల యూరప్ ఎక్స్-రే టెలిస్కోప్ ఎక్స్ఎంఎం-న్యూటన్ వంటివాటి గ్రేటింగ్ వర్ణపటాలను ఆశ్రయించాలి.

దీనికన్నా పెద్ద పరిమితి కక్ష్యలో ఉంది. సుమారు 650 కిలోమీటర్ల ఎత్తున, ప్రతి 98 నిమిషాలకు ఒకసారి భూమిని చుట్టే ఈ ఉపగ్రహానికి నక్షత్రం మాటిమాటికీ భూమి చాటుకు వెళ్తుంది. దక్షిణ అట్లాంటిక్ మీది రేడియేషన్ ప్రాంతంలో కూడా డేటా ఉపయోగపడదు. అందువల్ల కాంతి వక్రం, అంటే కాలంతో పాటు ప్రకాశం మారిన తీరును చూపే గీత, ముక్కలుగా వస్తుంది, గంటసేపు సాగిన జ్వాల శిఖరమే ఆ ఖాళీలో పడిపోవచ్చు. అలాంటి జ్వాల క్షీణించిన కాలాన్ని లెక్కగట్టి, దాని నుంచి జ్వాల రేగిన అయస్కాంత వలయం పొడవును నిర్ధారించడం నా దృష్టిలో సాహసమే. ఎక్కువ గంటలు సాగే జ్వాలలకూ, ఒకటికి మించిన భ్రమణాలపాటు నక్షత్రం ప్రకాశం ఎలా మారిందో చూడటానికీ మాత్రం ఇబ్బంది తక్కువ.

టెలిస్కోప్ ప్రతిబింబం రెండు ఆర్క్ నిమిషాల (ఒక డిగ్రీలో అరవయ్యో వంతు ఒక ఆర్క్ నిమిషం, అందులో అరవయ్యో వంతు ఆర్క్ సెకను) మేర పరచుకుంటుంది, పైగా దాని అంచులు ఇంకా దూరం విస్తరిస్తాయి. ఎబి డొరాడస్‌కు 9 ఆర్క్ సెకన్ల దూరంలోనే ఉన్న సహచర నక్షత్రాన్ని దీనితో వేరు చేయలేము. అర ఆర్క్ సెకను స్పష్టత గల నాసా ఎక్స్-రే టెలిస్కోప్ చంద్రాకు అది సాధ్యం. కిక్కిరిసిన నక్షత్ర సమూహాలను ఎంచుకోవద్దని నా సలహా.

డేటా కక్ష్యలవారీ ఫైళ్లుగా వస్తుంది కాబట్టి ముందుగా వాటిని కలపాలి. ఖాళీ ఆకాశం నుంచి తయారుచేసిన నేపథ్య వర్ణపటం, పరికరం ఏ శక్తి కిరణాలకు ఎలా స్పందిస్తుందో తెలిపే స్పందన ఫైళ్లు అందుబాటులో ఉండటం కొత్తవారికి గొప్ప ఊరట. మొదటిసారి ప్రయత్నించేవారు, చంద్రా, హబుల్‌తో పాటు ఆస్ట్రోశాట్ కూడా ఏకకాలంలో పరిశీలించిన, సూర్యుడికి అతి సమీప నక్షత్రమైన ప్రాక్సిమా సెంటారీతో మొదలుపెట్టడం మంచిది. తమ ఫలితాలను మిగతా రెండు పరికరాల ఫలితాల పక్కన పెట్టి సరిచూసుకోవచ్చు.