ముల్లు పచ్చలోనే ఉంది, గొట్టం మాత్రం మూసుకుపోయింది

మా గ్యారేజీ గోడకు వేలాడే, రకరకాల మంటలను ఆర్పే ఏబీసీ పొడి సిలిండర్‌ను చాలా ఏళ్లుగా వాడుతున్నాను. వాడడమంటే నెలకోసారి చూడడమే. దానితో మంట ఆర్పాల్సిన అవసరం ఇంతవరకు రాలేదు, రాకూడదు కూడా. పిన్ను ఎలా లాగాలో సిలిండర్ మీదే బొమ్మలుంటాయి కనుక ఆ సంగతి వదిలేస్తాను. నా పేచీ అంతా లోపలి ఒత్తిడిని ముల్లుతో చూపించే గేజ్‌తోనే.

కొత్తలో నాకు బాగా నచ్చింది అదే. అంతకుముందున్న కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌కు గేజ్ ఉండదు, తూకం వేసి చూసుకోవాల్సిందే. గ్యాసు బరువు పది శాతానికి మించి తగ్గితే మళ్లీ నింపించాలి. ఆ తూకాల బెడద తప్పిందని, అటుగా వెళ్తూ ముల్లు ఆకుపచ్చలో ఉందో లేదో చూస్తే చాలని తెలిసినవారందరికీ దీన్ని పొగిడాను.

ఒక వేసవిలో తనిఖీ చేస్తున్నాను. ముల్లు నిక్షేపంగా ఉంది, సీలు తెగలేదు. గొట్టాన్ని క్లిప్పు నుంచి తీసి కొనను వెలుతురుకు పట్టాను. రంధ్రం లేదు! ఎర్రమట్టి బిరడా. పుల్లతో గీరితే మట్టి రాలింది, దాని వెనుక కదలిక లేని సాలెపురుగులు ఒకదాని వెంట ఒకటి బయటికి వచ్చాయి. కందిరీగ తన పిల్లకు ఆహారం దాచి మూత పెట్టుకుంది. ఎంత శ్రద్ధగా మెత్తిందో చూస్తే ముచ్చటే, మరోచోటైతే. మిగతాది పుల్లకు అందలేదు. సర్వీసు చేసే ఆయన వచ్చి గొట్టం విప్పితే మట్టి ఇంకా లోపలి దాకా ఉంది. చివరికి గొట్టమే మార్చారు. ఇదంతా జరుగుతున్నంతసేపూ ముల్లు పచ్చలోనే ఉంది.

అది అబద్ధం చెప్పలేదు. గేజ్ వాల్వుకు ఇవతల, గొట్టం అవతల. పొడిని బయటికి తోసే లోపలి నైట్రోజన్ ఒత్తిడి తప్ప దానికి వేరే సంగతి తెలియదు. కుదుపులకు పొడి అడుగున బిగుసుకుపోయినా పచ్చే చూపిస్తుంది. పనిచేస్తుందో లేదోనని కొందరు హ్యాండిల్‌ను ఒక్క క్షణం నొక్కి చూస్తారు. ఆ కాసేపటికే పొడి రేణువులు వాల్వు మూసుకునే చోట ఇరుక్కుని గ్యాసు మెల్లగా కారిపోతుంది. నొక్కిన రోజున మాత్రం ముల్లు పచ్చలోనే ఉండవచ్చు. అందుకే కాస్త నొక్కినా మళ్లీ నింపించాలంటారు.

అయినా మళ్లీ కొనాల్సి వస్తే గేజ్ ఉన్నదే కొంటాను, ఒత్తిడి పడిపోతే చెప్పేది అదొక్కటే కదా. నా గ్యారేజీకి తలుపు లేదు, చుట్టూ చెట్లు, కందిరీగలకు అడ్డే లేదు. మూసి ఉన్న గదిలో సిలిండర్ పెట్టుకున్నవారికి నా పట్టింపు అతిగా తోచవచ్చు. కారులో ఉంచుకునేవారికి మాత్రం గొట్టం కన్నా లోపలి పొడి గురించే ఎక్కువ బెంగ ఉండాలి.