ఐదో తరగతి లోపు పిల్లలకు ఏ రోబో మేలు?

ప్రైమరీ స్కూలుకి రోబోలు కొందామనుకుంటే ముఖ్యంగా మూడు దారులు: వీపు మీద బటన్లుండే బీ-బాట్, టాబ్లెట్ నుంచి బ్లూటూత్‌తో నడిపే లెగో కిట్లు, పిల్లలే ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు మైక్రోబిట్.

మూడో తరగతి దాకా నా ఓటు బీ-బాట్‌కే. అడుగుకి 15 సెంటీమీటర్లు, మలుపుకి 90 డిగ్రీలు. అంతే లెక్క. నేల మీద సుద్దముక్కతో గళ్లు గీసుకుంటే చాలు, కంపెనీ మ్యాట్ అక్కర్లేదు. ఎడమ బటన్ నొక్కితే పక్క గడిలోకి పోతుందనుకుంటారు పిల్లలు. అదేమో ఉన్నచోటే తిరిగి ఆగుతుంది. ఆ తర్వాత ‘ముందుకు’ కూడా నొక్కాలని కాసేపటికి వాళ్లకే తడుతుంది. చెరిపే బటన్ మర్చిపోతే కొత్త ఆదేశాలు పాతవాటి వెనకాలే చేరి, బండి మళ్లీ పాత దారే పడుతుంది. తప్పు ఎక్కడుందో నేల మీదే కనిపిస్తుంది.

లెగో కిట్లంటే పిల్లలు ఎగబడతారు, అందులో అనుమానం లేదు. కానీ పది టాబ్లెట్లు ఒకేసారి బ్లూటూత్ వెతుకుతుంటే ఎవరి బండి ఎవరికి తగులుకుందో తేల్చేసరికే సగం పీరియడ్ అయిపోతుంది. బండి కదలకపోతే తప్పు తన ప్రోగ్రామ్‌దో కనెక్షన్‌దో పిల్లవాడికి తెలీదు. పైగా యాప్ లేనిదే కిట్ నడవదు. 2016లో వచ్చిన ‘వీడూ 2.0’ (WeDo 2.0) అనే కిట్ అమ్మకం లెగో ఎప్పుడో ఆపేసింది. ధర సంగతి చెప్పనే అక్కర్లేదు.

నాలుగు, ఐదు తరగతులకు మైక్రోబిట్. 2016లో బ్రిటన్‌లో బీబీసీ దీన్ని పదకొండు, పన్నెండేళ్ల పిల్లలకు పంచింది. కాస్త చెయ్యందిస్తే తొమ్మిదేళ్లవాళ్లూ లాగేస్తారు. ఒక బోర్డు చేతిలో, ఇంకోటి బండి మీద. ఇటు ‘ఏ’ (A) బటన్ నొక్కితే రేడియోలో 1 పంపు, అటు 1 అందితే చక్రాలు తిప్పు. రెండు వైపులా ప్రోగ్రామ్ పిల్లలదే కాబట్టి రిమోట్‌లో దాపరికం ఉండదు. ఒకే రేడియో గ్రూపు నంబరున్న బోర్డులే ఒకదాని మాట ఒకటి వింటాయి; ఆ నంబరు 0 నుంచి 255 దాకా పెట్టుకోవచ్చు. అన్ని జట్లూ 1నే పెట్టుకుంటే ఒకరు నొక్కగానే క్లాసులో బళ్లన్నీ ఉరుకుతాయి. ఆ గోల ఒకసారి జరగనిచ్చాకే నంబర్లు పంచండి.

చక్రాలు, మోటారు బోర్డు విడిగా కొనాలి, అదొక్కటే చికాకు. అవి వచ్చేలోపు మైక్రోబిట్‌కి ప్రోగ్రాములు రాసే మేక్‌కోడ్ సైట్‌లో, తెర మీదే బోర్డు పనిచేసి చూపే సిమ్యులేటర్‌లో రేడియో పాఠం కానిచ్చేయొచ్చు. కేంద్ర ప్రభుత్వ సాయంతో స్కూళ్లలో పెట్టే అటల్ టింకరింగ్ ల్యాబులు ఆరు నుంచి పన్నెండు తరగతులవాళ్లకే. పక్కనే హైస్కూల్లో ల్యాబ్ ఉంటే మాత్రం, కొనేముందు అక్కడి సామాను వాడుకోనిస్తారేమో అక్కడి సార్‌ని ఓమాటు అడిగి చూడండి.